ఉచిత మెసేజింగ్ యాప్‌లలో మన గుట్టు మన దగ్గరే ఉంచుకోవడం ఎలా?

పోయిన వేసవిలో అమ్మకు షుగర్ టెస్టు చేయించాను. రిపోర్టు వాట్సాప్‌కి పంపుతామంటూ ల్యాబ్ కౌంటర్లో నంబరు అడిగారు, ఇచ్చాను. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. వారం తిరక్కుండానే షుగర్ తగ్గించే పొడి అమ్ముతామని ఒకరు, డయాబెటిస్ ఉన్నవాళ్లకు ప్రత్యేక పాలసీ అని ఇంకొకరు మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టారు. అమ్మకు షుగరుందని మా పిన్నికి కూడా అప్పటికి చెప్పలేదు. సొంతవాళ్లకే తెలియని సంగతి ఊరూ పేరూ లేని వ్యాపారికి చేరిపోయిందే అని చాలా బాధపడ్డాను. ఆ ఆదివారమే ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లూ ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు చేసినవి, ఆ తర్వాత నేర్చుకున్నవి కలిపి వరుసగా రాస్తున్నాను. ఒక్కో ఫోనుకు అరగంట పెట్టుకోండి, చాలు.

వాట్సాప్ తీసేయమని ఎవరికీ చెప్పను. పిల్లల హోంవర్కు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పెళ్లి శుభలేఖ, గ్యాస్ బుకింగ్ అన్నీ అందులోనే నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. అంతగా అల్లుకుపోయినదాన్ని పీకేయడం కుదరదు. అందులో ఉంటూనే ఏది బయటికి పోనివ్వాలో, ఏది పోనివ్వకూడదో మనం తేల్చుకోవచ్చు.

ముందు డబ్బు ఎటునుంచి వస్తోందో చూడండి

సెట్టింగ్స్ జోలికి వెళ్లే ముందు ఒక కాగితం తీసుకోండి. మీ ఫోన్‌లో ఉన్న మెసేజింగ్ యాప్‌ల పేర్లన్నీ రాయండి. ప్రతి పేరు పక్కన ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఇందులో పనిచేసేవాళ్లకు జీతాలు ఎవరి డబ్బుతో ఇస్తున్నారు? ఈ జవాబు తెలిస్తే ఏ స్విచ్ ఎందుకు నొక్కాలో దానంతట అదే అర్థమవుతుంది. తెలియకపోతే ఎవరో చెప్పారని నొక్కుతాం, రేపు అప్‌డేట్ వచ్చి మెనూ మారగానే మళ్లీ మొదటికొస్తాం.

వాట్సాప్ సంగతే తీసుకోండి. 2009లో దాన్ని మొదలుపెట్టిన జాన్ కౌమ్, బ్రయాన్ ఆక్టన్ ఇద్దరూ అంతకుముందు యాహూలో పనిచేసి, ప్రకటనల వ్యాపారాన్ని దగ్గర్నుంచి చూసి విసిగిపోయినవాళ్లు. కౌమ్ చిన్నతనం సోవియట్ పాలనలోని ఉక్రెయిన్‌లో గడిచింది. ఫోన్లో మాట్లాడితే ఎవరైనా వింటారేమోనని ఇంట్లోవాళ్లు భయపడిన కాలం అది. ప్రకటనలొద్దు, ఆటలొద్దు, గిమ్మిక్కులొద్దు అని ఆక్టన్ రాసిచ్చిన కాగితం కౌమ్ టేబుల్ దగ్గరే ఉండేది. మొదటి ఏడాది ఉచితం, ఆ తర్వాత ఏడాదికి ఒక డాలరు. అదే వాళ్ల వ్యాపారం. నా దృష్టిలో అంతకన్నా నిజాయితీ ఉన్న బేరం లేదు: వాడుకున్నవాడే డబ్బు కడతాడు.

2014లో ఫేస్‌బుక్ దాన్ని దాదాపు 1900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి వాట్సాప్‌లో ఉద్యోగులు 55 మంది, వాడేవాళ్లు 45 కోట్లు. 2016 జనవరిలో ఆ ఒక్క డాలరు ఫీజు కూడా తీసేశారు. మనకేమో సంతోషమేసింది. అదే ఏడాది ఆగస్టులో ప్రైవసీ పాలసీ మార్చి, మన ఫోన్ నంబరుతో సహా కొంత సమాచారం ఫేస్‌బుక్‌తో పంచుకోవడం మొదలైంది. రెండు కంపెనీల ఖాతాలను నమ్మకంగా జతచేయడం తమకు సాధ్యం కాదని కొనుగోలు సమయంలో ఫేస్‌బుక్ యూరోపియన్ కమిషన్‌కు చెప్పింది. ఆ మాట తప్పుదోవ పట్టించేదని తేల్చి 2017 మేలో కమిషన్ 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆక్టన్ 2017లో కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. కౌమ్ 2018లో వెళ్లాడు.

ఇప్పుడు ఆ కంపెనీ పేరు మెటా. 2024లో దాని ఆదాయం 16 వేల 400 కోట్ల డాలర్లు దాటింది. వంద రూపాయలు వస్తే 97కు పైగా ప్రకటనల నుంచే వచ్చాయి. వాట్సాప్ నుంచి వచ్చే డబ్బు చాలావరకు వ్యాపారులది. బ్యాంకులు, నగల షాపులు, రియల్ ఎస్టేటువాళ్లు మనకు పెట్టే మెసేజ్‌కు ఇంత అని కడతారు. మనదేశంలో ఒక ఓటీపీ పంపడానికి అయ్యేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఒక ఆఫర్ మెసేజ్‌కు పడుతుంది. 2025 జూన్‌లో స్టేటస్ చూసే చోట కూడా ప్రకటనలు తెస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. కాబట్టి మీ కాగితం మీద వాట్సాప్ పక్కన ‘మనకు ఏదైనా అమ్మాలనుకునేవాళ్లు’ అని రాసుకోండి.

మిగతావాటికి త్వరగా రాసేయొచ్చు. టెలిగ్రామ్: ఛానెళ్లలో ప్రకటనలు, 2022 నుంచి డబ్బు కట్టి తీసుకునే ప్రీమియం. సిగ్నల్: అమెరికాలోని లాభాపేక్ష లేని ఫౌండేషన్, విరాళాలు. 2018లో దాన్ని నిలబెట్టడానికి 5 కోట్ల డాలర్లు ఇచ్చింది వాట్సాప్ నుంచి బయటికొచ్చిన ఆ ఆక్టనే. అరట్టై: చెన్నై కేంద్రంగా ఉన్న జోహో కంపెనీ, తన మిగతా సాఫ్ట్‌వేర్ల ఆదాయంతో నడుపుతోంది. ఏ యాప్ పక్కనైనా జవాబు రాయలేకపోతే ఆ గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి ఉన్న యాప్‌లో ఆధార్, పాస్‌పోర్టు, పిల్లల ఫోటోలు పెట్టకండి.

ఏది తాళం వేసి ఉంది, ఏది లేదు

మనవాళ్లలో రెండు రకాల అపోహలున్నాయి. ‘అంతా చదివేస్తున్నారు’ అనేది ఒకటి, ‘ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, ఇక భయం లేదు’ అనేది రెండోది. రెండూ సరికావు.

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మనుషుల మధ్య నడిచే మెసేజ్‌లకు, కాల్స్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అంటే మీ ఫోన్‌లో తాళం పడితే అవతలివాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీ దగ్గర తాళంచెవి ఉండదు. ఆ ఎన్‌క్రిప్షన్ పద్ధతి సిగ్నల్ వాళ్లు తయారుచేసినదే. ఇది నమ్మదగిన పని.

కానీ తాళం ఉన్నది మాటకే. మాట చుట్టూ ఉన్నదంతా బయటే ఉంటుంది. మీ నంబరు, మీ కాంటాక్ట్స్‌లోని నంబర్లు, ఎప్పుడు తెరిచారు, ఎంతసేపు ఉన్నారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు, గ్రూపు పేరేంటి, ఏ ఫోను, ఏ నెట్‌వర్కు, ఇంటర్నెట్‌లో మీ ఫోనును గుర్తుపట్టే ఐపీ అడ్రసు, ఆఖరికి బ్యాటరీ ఎంత ఉందో, సిగ్నల్ ఎంత ఉందో కూడా సేకరిస్తామని వాట్సాప్ పాలసీలోనే రాసి ఉంది. దీన్ని మెటాడేటా అంటారు. దీనివల్ల ఏం తెలుస్తుందంటారా? ఒకావిడ పొద్దున్నే క్యాన్సర్ ఆసుపత్రి నంబరుతో మాట్లాడింది, వెంటనే అక్కకు ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడింది, రాత్రి ‘గోల్డ్ లోన్’ అని పేరున్న నంబరుకు మెసేజ్ పెట్టింది. ఒక్క అక్షరం చదవకుండానే ఆవిడ కష్టమేమిటో మీకు అర్థమైపోలేదూ?

టెలిగ్రామ్ వాడేవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. అందులో మామూలు చాట్స్‌కు ఎండ్-టు-ఎండ్ తాళం ఉండదు. అవి కంపెనీ సర్వర్లలో ఉంటాయి. ‘సీక్రెట్ చాట్’ అని విడిగా మొదలుపెడితేనే ఆ తాళం పడుతుంది, అదీ ఇద్దరి మధ్యే, గ్రూపులకు లేదు. సినిమాల కోసం, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం టెలిగ్రామ్ వాడే కుర్రాళ్లు చాలామంది అది వాట్సాప్ కన్నా భద్రమనుకుంటారు. ఈ లెక్కలో కాదు. 2025 సెప్టెంబరులో అరట్టై ఒక్కసారిగా అందరి నోళ్లలో నానినప్పుడు కూడా ఇదే చిక్కు వచ్చింది. అప్పటికి అందులో కాల్స్‌కు ఆ తాళం ఉంది గానీ మెసేజ్‌లకు లేదు. మనదేశపు యాప్ అనే అభిమానం మంచిదే. దాంతోపాటు మీ ఫోన్‌లో ఉన్న వెర్షన్‌లో మీ చాట్ తెరిచి, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనే మాట అక్కడ ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

పెరటి తలుపు: బ్యాకప్

అరగంటలో ఒక్క పనే చేయగలనంటే ఇది చేయండి. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టుంటుంది బ్యాకప్ విషయం. చాట్స్ రోజూ రాత్రి గూగుల్ ఖాతాలోకో ఐక్లౌడ్‌లోకో వెళ్తుంటాయి. మీరు విడిగా ఆన్ చేయకపోతే వాట్సాప్ వేసిన ఎండ్-టు-ఎండ్ తాళం ఆ కాపీకి ఉండదు. మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎవరి చేతికైనా చిక్కితే ఏళ్ల తరబడి మాట్లాడుకున్నదంతా ప్రమాదంలో పడుతుంది.

సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరవండి. కింద ‘ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్’ అని ఉంటుంది. 2021 నుంచి ఈ సదుపాయం ఉన్నా మా ఇంట్లో నాలుగు ఫోన్లలో ఒక్కదాంట్లోనూ ఆన్ అయి లేదు. దాన్ని ఆన్ చేస్తే పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, లేదా 64 అంకెల కీ ఇస్తుంది. పాస్‌వర్డే తేలిక. అయితే ఒక హెచ్చరిక: ఫోన్ పోయి, పాస్‌వర్డూ మర్చిపోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ కూడా తెరవలేదు. అందుకే మా అమ్మ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పొలం కాగితాల ఫైల్లో పెట్టాం. ఫోన్లోనే ఫోటో తీసి పెట్టుకోవద్దు.

అసలు బ్యాకప్ అవసరమేనా అని కూడా ఆలోచించండి. పాత గుడ్ మార్నింగ్ బొమ్మల కోసమైతే అక్కర్లేదు. కావలసిన ఫోటోలు గ్యాలరీలోకి తీసుకుని బ్యాకప్‌ను ఆపేయొచ్చు. పైగా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ బ్యాకప్ గూగుల్ ఇచ్చే 15 జీబీ ఉచిత స్థలంలోంచే పోతుంది. అది నిండగానే నెలకింత కట్టమని మెసేజ్ వస్తుంది.

ఇంకో సంగతి. మీరు మీ బ్యాకప్‌కు తాళం వేసినా, అవతలివాళ్లు వేయకపోతే మీ మాటలు వాళ్ల కాపీలో ఉంటాయి. మీ భార్యతోనో అన్నతోనో నడిచే ముఖ్యమైన చాట్ ఉంటే వాళ్ల ఫోన్‌లో కూడా మీరే ఆన్ చేసి పెట్టండి.

కాంటాక్ట్స్, ఫోటో, గ్రూపులు

కాంటాక్ట్స్ అనుమతి ఇచ్చామంటే మన స్నేహితుల నంబర్లు కూడా మనమే అప్పగిస్తున్నాం. అందులో ఆ యాప్ వాడనివాళ్లూ ఉంటారు, వాళ్లనెవరూ అడగరు. వాట్సాప్‌కు ఈ అనుమతి పూర్తిగా తీసేస్తే పేర్ల బదులు నంబర్లు కనిపించి ఇబ్బందవుతుంది. కాబట్టి అక్కడ ఉంచుకోండి. కానీ ఎప్పుడో ఒకసారి పెట్టుకున్న మిగతా చాటింగ్ యాప్‌లకు, కాలర్ పేరు చూపించే యాప్‌లకు ఆ అనుమతి ఎందుకు? ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి కాంటాక్ట్స్ నొక్కితే ఎవరెవరికి ఇచ్చారో జాబితా వస్తుంది. అవసరం లేనివాటికి తీసేయండి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి కొన్ని కాంటాక్ట్స్ మాత్రమే ఎంచి ఇవ్వవచ్చు, అది వాడుకోండి.

తర్వాత వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ. ప్రొఫైల్ ఫోటో ‘ఎవ్రీవన్’ అని ఉంటే ‘మై కాంటాక్ట్స్’కు మార్చండి. ఇది చిన్న విషయం కాదు. 2025లో వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు నంబర్లను వరుసగా పరీక్షిస్తూ పోయి 350 కోట్ల వాట్సాప్ ఖాతాలను గుర్తించగలిగారు. వాటిలో సగానికి పైగా ఖాతాల ప్రొఫైల్ ఫోటో ఎవరికైనా కనిపించేలా ఉంది. నంబరు, దానికో ముఖం దొరికితే ‘మావయ్యా, నేను మీ మేనల్లుణ్ణి, అర్జెంటుగా డబ్బు కావాలి’ అని మోసం చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క మార్పు ఈ రోజే చేయండి. లాస్ట్ సీన్, అబౌట్, స్టేటస్ కూడా అలాగే మార్చేయండి.

గ్రూప్స్ అనే చోట కూడా ‘మై కాంటాక్ట్స్’ పెట్టండి. లేకపోతే షేర్ మార్కెట్ టిప్స్ అంటూ ఎవడో మిమ్మల్ని ఏదో గ్రూపులో పడేస్తాడు. ఆ కిందే అడ్వాన్స్‌డ్ అనే చోట కాల్స్‌లో ఐపీ అడ్రసు దాచే స్విచ్, తెలియని నంబర్ల నుంచి వచ్చిపడే మెసేజ్‌ల జోరును ఆపే స్విచ్ ఉంటాయి. రెండూ ఆన్ చేయండి. ఐపీ దాచితే కాల్ నాణ్యత కొంచెం తగ్గవచ్చు, అంతే.

వ్యాపారుల చాట్లు, మెటా ఏఐ

అమ్మ రిపోర్టు విషయంలో నాకు తెలిసొచ్చింది ఇదే. మనిషికీ మనిషికీ మధ్య చాట్ వేరు, మనిషికీ కంపెనీకీ మధ్య చాట్ వేరు. రెండూ ఒకే ఆకుపచ్చ యాప్‌లో, ఒకేలా కనిపిస్తాయి. మీరు ల్యాబ్‌కు పంపిన మెసేజ్ ల్యాబ్‌కు చేరేదాకా తాళంలోనే ఉంటుంది. చేరాక దాన్ని ఎవరు చదువుతారు, ఎక్కడ దాస్తారు అనేది ల్యాబ్ ఇష్టం. ఆ మెసేజ్‌లు నిర్వహించే పనిని ఆ సంస్థ మరో కంపెనీకి అప్పగించవచ్చు, ఆ కంపెనీ మెటాయే కావచ్చు. ఆ వ్యాపారి మీ చాట్‌లో తెలిసిన విషయాన్ని ప్రకటనలు ఇవ్వడానికి వాడుకోవచ్చని వాట్సాప్ కూడా దాచకుండానే చెబుతోంది. చాట్ మొదట్లో ఉండే చిన్న వాక్యాన్ని మనం చదవం, అంతే.

అందుకని: ఆసుపత్రిలో, ల్యాబ్‌లో నంబరు అడిగితే రిపోర్టు కాగితం మీద ఇవ్వమనండి, లేదా ఈమెయిల్ ఇవ్వండి. ‘వాట్సాప్ తప్పనిసరి సార్’ అంటే ఆఫర్ మెసేజ్‌లు వద్దని అక్కడే నోటితో చెప్పండి, ఫారం మీద వాటికి ఒప్పుకున్నట్టు టిక్కు ఉంటే తీసేయండి. బట్టల షాపులో బిల్లు కోసం నంబరు అడిగితే వద్దనడానికి మొహమాటపడకండి. నేను ఇప్పుడు ‘పేపర్ బిల్లు ఇవ్వండమ్మా’ అని నవ్వుతూ అడుగుతాను, ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఇప్పటికే వస్తున్న ప్రచార మెసేజ్‌లైతే ఆ చాట్‌లో కంపెనీ పేరు మీద నొక్కండి. ఆఫర్లు ఆపే స్విచ్ కనిపిస్తే ఆపేయండి, కనిపించకపోతే బ్లాక్ చేయండి. బ్యాంకు, కరెంటు ఆఫీసు లాంటివి మాత్రం చూసుకుని ఉంచుకోండి.

జిరాక్స్ షాపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆధార్, పాన్, మార్కుల మెమోలు అన్నీ షాపు వాట్సాప్ నంబరుకు పంపి ప్రింట్ తీయించుకుంటాం. ఆ షాపు కంప్యూటర్‌లో ఆ రోజు వచ్చినవాళ్లందరి కాగితాలూ వరుసగా ఉంటాయి. వీలైతే పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. ఆధార్ అయితే ఆఖరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, ఆధార్ జారీచేసే ఉడాయ్ సంస్థ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పంపక తప్పకపోతే ప్రింట్ చేతికి రాగానే అక్కడే నిలబడి ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కండి, డౌన్‌లోడ్ అయిన ఫైల్ కూడా తీసేయమని అడగండి. పొరపాటున కూడా షాపు కంప్యూటర్‌లో మీ వాట్సాప్ వెబ్ తెరవకండి.

ఇక వాట్సాప్‌లో కనిపించే ఆ నీలం గుండ్రం, అంటే మన ప్రశ్నలకు జవాబులిచ్చే మెటా ఏఐ. మెటా ఏఐతో మాట్లాడేది స్నేహితుడితో మాట్లాడినట్టు కాదు, అక్కడ అవతలి వైపు ఉన్నది కంపెనీయే. 2025 డిసెంబరు 16 నుంచి ఏఐతో జరిపే సంభాషణలను ప్రకటనలు ఎంచడానికి వాడుకుంటామని మెటా ప్రకటించింది. వాట్సాప్ విషయంలో, మీ ఖాతాను అకౌంట్స్ సెంటర్ ద్వారా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లతో కలిపి ఉంటేనే ఇది వర్తిస్తుంది. కాబట్టి సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్ తెరిచి, వాట్సాప్ అందులో కలిసి ఉంటే విడదీయండి. జబ్బులు, అప్పులు, ఇంట్లో గొడవల గురించి ఆ ఏఐని అడగకండి. ఫ్యామిలీ గ్రూపులో పైన పేరు నొక్కితే ‘అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ’ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే గ్రూపులో ఎవరూ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయలేరు, అందులోని మెసేజ్‌లను ఏఐ పనులకు వాడటం కుదరదు.

తాళంచెవులు

ఇవి రెండు నిమిషాల పని. అకౌంట్ లోపల టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి, పుట్టినరోజు పెట్టకండి. లింక్డ్ డివైసెస్‌లో మీరు గుర్తుపట్టని కంప్యూటర్ ఉంటే లాగౌట్ చేయండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. డబ్బు పోయిందంటే టెన్షన్‌లో కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఉండదు. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ కాల్స్ ఆపేసి ఉంటాయి. పిల్లల ముఖం చూడాలంటే అక్కడ పనిచేసే ఏదో ఒక యాప్ వేసుకోక తప్పదు. ఆ అవసరం మీదే 2019లో టోటాక్ అనే యాప్ వచ్చింది. వీడియో కాల్ ఉచితం, ప్రకటనల్లేవు, ఫీజు లేదు. లక్షలమంది వేసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో, అది యూఏఈ ప్రభుత్వం నిఘా కోసం వాడుతున్న సాధనమని న్యూయార్క్ టైమ్స్ రాసింది. కంపెనీ కాదంది. గూగుల్, యాపిల్ తమ స్టోర్ల నుంచి దాన్ని తీసేశాయి. కాగితం మీద ఖాళీ గడి గురించి నేను అంత గట్టిగా చెప్పింది ఇందుకే. అమ్మేవాడూ లేడు, కట్టేవాడూ లేడు అన్నప్పుడు ఖర్చు పెడుతున్నవాడు డబ్బు కాకుండా ఇంకేదో కోరుకుంటున్నాడు.

మీరు చేయాల్సింది: అక్కడ అనుమతి ఉన్న యాప్‌లోనే క్షేమసమాచారం మాట్లాడుకోండి, అందులో తప్పులేదు. ఆ యాప్‌కు కెమెరా, మైకు అనుమతి ‘వాడేటప్పుడు మాత్రమే’ అని పెట్టండి. లొకేషన్ ఇవ్వకండి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, జీతం గొడవలు, యజమాని గురించిన ఫిర్యాదులు అందులో వద్దు, ఎండ్-టు-ఎండ్ ఉన్నచోట మెసేజ్‌గా పంపండి. ఫోను వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ వేసుకోమని మాత్రం నేను చెప్పను. యూఏఈలో దాన్ని దుర్వినియోగం చేశారని తేలితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన కష్టార్జితం పోతుంది.

దగ్గరివాళ్లకు రెండో యాప్

అందరినీ సిగ్నల్‌కు మార్చాలని చూస్తే ఎవరూ రారు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త పాలసీకి ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోవాలన్నప్పుడు మా బంధువులంతా హడావిడిగా సిగ్నల్ వేసుకున్నారు. గడువు మే 15కు జరగ్గానే చల్లబడి వెనక్కి వచ్చేశారు. ఆ పాలసీ మీదే, కంపెనీల మధ్య పోటీ సవ్యంగా ఉందో లేదో చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రకటనల కోసం ఐదేళ్లపాటు డేటా పంచుకోకూడదని కూడా ఆదేశించింది. ఏడాది తర్వాత అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి, ఐదేళ్ల నిషేధాన్ని తీసేసింది.

కాబట్టి ఇద్దరితోనో ముగ్గురితోనో మొదలుపెట్టండి. బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, ఆస్తి సంగతులు మాట్లాడే మనుషులు ఎవరో వాళ్లే చాలు. సిగ్నల్‌నే ఎందుకు చెబుతున్నానంటే, 2016లో అమెరికాలో నేరాల మీద విచారణ జరిపే ఒక గ్రాండ్ జ్యూరీ ఒక వాడకందారు వివరాలు అడిగితే వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, ఆఖరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. దాచుకోలేదు కాబట్టి ఇవ్వడానికి లేదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, ఫోన్ నంబర్ తెరిచి మీ నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టండి. 2024 నుంచి యూజర్‌నేమ్ సదుపాయం ఉంది, కొత్తవాళ్లకు నంబరు బదులు అదే ఇవ్వొచ్చు. సిగ్నల్‌ను నడిపే ఖర్చు 2025 నాటికి ఏడాదికి 5 కోట్ల డాలర్లు అవుతుందని ఆ సంస్థే లెక్క చెప్పింది. వాడి నచ్చితే మీకు తోచినంత విరాళం ఇవ్వండి. వాట్సాప్ మొదట్లో అడిగిన ఆ ఒక్క డాలరు లాంటిదే ఇది.

మీ ఖాతాలో ఏముందో తెప్పించుకోండి

వాట్సాప్ సెట్టింగ్స్, అకౌంట్, ‘రిక్వెస్ట్ అకౌంట్ ఇన్ఫో’ నొక్కండి. మూడు రోజుల్లో ఒక ఫైల్ వస్తుంది. మెసేజ్‌లు ఉండవు గానీ మీ గ్రూపుల పేర్లు, కాంటాక్ట్స్, ఫోను, ఐపీ వివరాలు కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లకు అది చూపిస్తే మనం గంట చెప్పినా అర్థంకానిది ఇట్టే అర్థమవుతుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు అమలుకావడానికి 18 నెలల గడువిచ్చారు. అప్పటిదాకా మన స్విచ్‌లు మనమే చూసుకోవాలి.

ఆఖరుగా, నంబరు మార్చేవాళ్లు. వాడక ఆగిపోయిన సిమ్ నంబరును, ఆగిన 90 రోజుల తర్వాత టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అందుకే పాత సిమ్ ఆగకముందే వాట్సాప్‌లో ‘చేంజ్ నంబర్’ ద్వారా కొత్తదానికి మారండి. వాడటం మానేసిన యాప్‌లనైతే ఫోన్ నుంచి తీసేసి ఊరుకోవద్దు, ముందు లోపలికి వెళ్లి ‘డిలీట్ అకౌంట్’ నొక్కండి. మా నాన్న చనిపోయాక ఆయన నంబరు రీఛార్జ్ చేయడం మానేశాం, ఈ పని చేయాలని తట్టలేదు. కొన్ని నెలలకు ఫ్యామిలీ గ్రూపులో ఆయన పేరు పక్కన ఎవరో తెలియని అబ్బాయి ఫోటో వచ్చింది. అమ్మ ఆ రోజంతా ఫోన్ ముట్టుకోలేదు. ఇంట్లో అలాంటి నంబరు ఉంటే సిమ్ పనిచేస్తుండగానే ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు వేరే చోట భద్రం చేసుకుని, గ్రూపుల నుంచి బయటికి తెచ్చి, ఖాతాను మీ చేత్తో మూసేయండి.